ధర్మాసనమునకు దారిబత్తెము

ధర్మసంశయము కలిగినచోట కూర్చుండి, ఇరుపక్షముల మాటలు విని, ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుట మానవునకు లభించు బాధ్యతలలో మిక్కిలి గొప్పది. ఆ మాటను వెలకట్టి అమ్ముకొనువాడు ధర్మద్రోహి. ఇందులో ఎవ్వరికిని సందేహము లేదు. అట్లే, దినకూలిపై బ్రదుకువానిని పనినుండి పిలిపించి, సాయంకాలమున వట్టిచేతులతో ఇంటికి పంపుటయు ధర్మము కాదు. ఇందులోను సందేహము లేదు. ఈ రెండు ధర్మములును ఒక్కచోట ఎదురుపడినపుడు ఏది నిలువవలెను? న్యాయము చెప్పుటకై పిలువబడిన సామాన్యుడు ఆనాడు పోగొట్టుకొన్న కూలిని, వచ్చిన దారి ఖర్చును పుచ్చుకొనవచ్చునా? పుచ్చుకొన్నచో అతని సేవ సేవగానే మిగులునా, లేక కొలువుగా మారిపోవునా?

ఇది తర్కము కొరకు కల్పించిన ప్రశ్న కాదు. సామాన్య పౌరులు కూర్చుండి తీర్పు చెప్పు పద్ధతి గల దేశములలో ఇది ప్రాచీనకాలమునుండి నేటివరకును చర్చకు వచ్చుచునే యున్నది. ఆ చర్చను పరిశీలించినచో సేవ, త్యాగము, ప్రతిఫలము అను మూడు మాటలకును గల భేదము చక్కగా తెలియును.

జ్యూరీ స్వరూపము

జ్యూరీ యనగా న్యాయాధిపతికి తోడుగా కూర్చుండి, వ్యాజ్యములో వాస్తవమేదో నిర్ణయించు పౌరసంఘము. ఇంగ్లండులోను, అమెరికా సంయుక్త రాష్ట్రములలోను పెద్ద నేరముల విచారణకు సాధారణముగా పండ్రెండుగురు కూర్చుందురు. వారు న్యాయశాస్త్రము చదివినవారు కారు. ఓటర్ల జాబితా వంటి పట్టికలనుండి, చీట్లు తీసినట్లు, వారి పేర్లు తీయబడును. సమన్లు అందినంతనే వడ్రంగి యైనను, బడిపంతులైనను, అంగడివాడైనను తన పని విడిచి కోర్టుకు పోవలెను. తగిన కారణము లేక పోకున్నచో శిక్ష కలదు. కొన్ని వ్యాజ్యములు రెండు మూడు దినములలో ముగియును. కొన్ని వారములు, నెలలు సాగును.

ఆంగ్లేయుల పాలనలో భారతదేశమునను కొన్ని న్యాయస్థానములలో ఈ పద్ధతి ఉండెను. 1959లో బొంబాయిలో జరిగిన నానావతి వ్యాజ్యమున జ్యూరీలో ఎనమండుగురు నిర్దోషి యనగా, ఒక్కరు దోషి యనిరి. న్యాయాధిపతి ఆ తీర్పును అంగీకరింపక హైకోర్టునకు నివేదించెను. 1973లో చేయబడిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటు లేకపోయెను. అయినను అమెరికాలో స్థిరపడి అచటి పౌరసత్వము పొందిన తెలుగువారి ఇండ్లకు నేడు ఈ సమన్లు వచ్చుచున్నవి. ఆ దేశపు పౌరుడైనవాడు మాత్రమే అచట జ్యూరీలో కూర్చుండుటకు అర్హుడు.

ప్రహ్లాదుని తీర్పు

సభలో కూర్చుండి తీర్పు చెప్పువాని లక్షణమేమో తెలుపు కథ మహాభారత సభాపర్వమున కలదు. ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలు బదులు పలుకక తలలు వంచుకొనియుండగా, విదురుడు వారికి ఈ కథను చెప్పెను.

ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడు. అంగిరసుని కుమారుడు సుధన్వుడు. ఒక కన్య నిమిత్తము వారిద్దరికిని ఎవరు శ్రేష్ఠులను వాదము కలిగెను. ప్రాణములనే పణముగా ఒడ్డి, ఇరువురును ప్రహ్లాదునియొద్దకే తీర్పునకు వచ్చిరి. ఒకవైపు కన్నకొడుకు ప్రాణము, ఒకవైపు సత్యము. ప్రహ్లాదుడు తొందరపడక కశ్యపుని ధర్మమడిగెను. ఎరిగియుండియు కామమువలనగాని, క్రోధమువలనగాని, భయమువలనగాని బదులు చెప్పనివాడు వేయి వరుణపాశములకు చిక్కుననియు, సభలో అధర్మము జరుగుచుండగా ఊరకున్న సభ్యులకు ఆ పాపములో భాగము తప్పదనియు కశ్యపుడు చెప్పెను. అది విని ప్రహ్లాదుడు కుమారుని పిలిచి, సుధన్వుడే నీకంటె శ్రేష్ఠుడని తీర్పు చెప్పెను. పుత్రస్నేహమును త్రోసిపుచ్చి ధర్మమున నిలిచినందుకు సంతసించి సుధన్వుడు విరోచనుని ప్రాణములను విడిచిపెట్టెను.

ఈ కథలోని పాశము అను మాటను గమనింపవలెను. తీర్పు చెప్పువాడు ఏ త్రాటిచేతను కట్టబడి యుండరాదు. పుత్రప్రేమ ఒక త్రాడు. కోపము ఒక త్రాడు. భయము మరియొక త్రాడు. ప్రహ్లాదుడు మహాభక్తుడు కావున వానిని తెంచుకొనగలిగెను. పండ్రెండుగురు సామాన్యులను చీట్లద్వారా పిలుచునపుడు వారందరును ప్రహ్లాదులై యుందురని ఏ రాజ్యమును ఆశింపరాదు. వారిని బంధించు త్రాళ్లలో తాను విప్పగలిగినదానిని విప్పుట రాజ్యము విధి.

ఆకలి యను పాశము

ఇంగ్లండులో పూర్వము జ్యూరీ సభ్యులను ఒక గదిలో ఉంచి, తీర్పు చెప్పువరకు అన్నము, నీరు, చలిమంట ఇయ్యకుండుట ఆచారము. ఆకలి వారిని త్వరగా ఏకాభిప్రాయమునకు తెచ్చునని ఆనాటివారి తలంపు. ఈ ఆచారము ఎంత దూరము పోగలదో 1670లో లండనులో వెల్లడి యయ్యెను. విలియం పెన్, విలియం మీడ్ అను ఇద్దరు క్వేకరు మతస్థులు వీధిలో అక్రమముగా జనమును కూడగట్టిరని విచారణ జరిగెను. జ్యూరీ సభ్యులు న్యాయాధిపతులు కోరిన తీర్పును ఈయలేదు. వారిని రెండు రాత్రులు అన్నపానములు లేక నిర్బంధించిరి. అయినను వారు లొంగక నిర్దోషులనియే తీర్పు చెప్పిరి. అంతట ఒక్కొక్కరికి నలువది మార్కుల జుల్మానా విధించిరి. బుషెల్ అను సభ్యుడు జుల్మానా చెల్లింపక చెఱకు పోయి, పై న్యాయస్థానమున పోరాడెను. తీర్పు చెప్పినందుకు జ్యూరీ సభ్యుని శిక్షింపరాదని ప్రధాన న్యాయమూర్తి వాన్ ఆ వ్యాజ్యములో నిర్ణయించెను.

ఆ నిర్ణయము జుల్మానా భయమును తొలగించెనుగాని ఆకలిని తొలగింపలేదు. 1870లో వచ్చిన చట్టము మాత్రమే జ్యూరీ సభ్యులకు చలిమంటను, ఆహారమును అనుమతించెను. ఆ ఆహారమును కూడ వారు తమ సొంత ఖర్చుతోనే తెప్పించుకొనవలెనని అందులో కలదు.

బుషెల్ వంటి ధీరులు ఏ కాలమునందైనను కొందరే. తక్కినవారి మాట ఏమి? గదిలో ఆకలి లేకున్నను ఇంటిలో ఆకలి ఉన్నచో ఫలితము భిన్నముగా ఉండునా? పదిదినములుగా కూలి లేని సభ్యుడు, పదునొకండవ దినమున తనకు సందేహము మిగిలియున్నను, తక్కిన పదునొకండుగురు ఒక మాటపై నున్నపుడు, ఇంటికి పోవు ఆత్రముతో సరే యనునేమో. ఆ ఒక్క మాటతో నిరపరాధి కారాగారమునకు పోవచ్చును. కావున సభ్యుని జీవనభయము అతని సొంత కష్టము మాత్రమే కాదు. అది ముద్దాయి తలపై వ్రేలాడు కత్తి కూడ.

ధనమను పాశము

ఐనచో ధనమిచ్చుటతోడనే చిక్కు తీరునా? ధనము తానే ఒక పాశము కాగలదని భారతమే చూపుచున్నది. కురుక్షేత్రమున యుద్ధారంభమునకు ముందు ధర్మరాజు రథము దిగి, పాదచారియై భీష్ముని ఆశీర్వాదము కోరబోయెను. అపుడు భీష్ముడు, పురుషుడు అర్థమునకు దాసుడు గాని అర్థము ఎవ్వరికిని దాసము కాదనియు, తాను కౌరవుల అర్థముచేత కట్టుబడితిననియు చెప్పుకొనెను. ద్రోణకృపులును అట్లే పలికిరి. ధర్మమెరిగిన ఆ మహాత్ములే ఒక పక్షమువారి అన్నము తినుటచేత ఆ పక్షమున నిలువవలసి వచ్చెను.

ఇందలి సూక్ష్మము ఇది. భీష్ముని కట్టివేసినది అన్నము కాదు. ఆ అన్నము ఎవరి చేతినుండి వచ్చినది అనునది. వాదప్రతివాదులలో ఒకరి చేతినుండి వచ్చినది పాశమగును. ఇరువురికిని సమానమైన ప్రజాధనమునుండి వచ్చినది పాశము కానక్కరలేదు.

ఈ భేదమునకు ఇంగ్లండు చరిత్రలో మంచి నిదర్శనము కలదు. అచట సామాన్య జ్యూరీతో పాటు, సంపన్నులతో కూడిన విశేష జ్యూరీ అనునది ఒకటి ఉండెను. విశేష జ్యూరీ సభ్యునకు వ్యాజ్యమునకొక గిన్నీ ముట్టుచుండెను. ఆ జ్యూరీని కోరిన పక్షమువారు దాని ఖర్చు భరించుచుండిరి. గిన్నీ కొరకు మరల మరల వచ్చువారును, వారిని మరల మరల పిలుచు అధికారులును ఏర్పడిరి. అధికారులకు నచ్చని తీర్పు చెప్పినవానికి మరల పిలుపు రాదన్న భయము కూడ దానితో వచ్చెను. జెరెమీ బెంథాం అను న్యాయవేత్త 1821లో వెలువడిన గ్రంథములో ఈ దురాచారమును తీవ్రముగా ఖండించెను. 1949లో ఇంగ్లండులో వచ్చిన జ్యూరీల చట్టము ఈ విశేష జ్యూరీలను దాదాపుగా రద్దు చేసెను. ఆ చట్టమే సామాన్య జ్యూరీ సభ్యులందరికిని దారి ఖర్చును, భోజనపు ఖర్చును, పోయిన సంపాదనకు కొంత పరిహారమును ప్రజాధనమునుండి ఏర్పరచెను. ఒకే చట్టము ఒక విధమైన ధనమును తొలగించి, మరియొక విధమైన ధనమును ప్రవేశపెట్టుట గమనింపదగినది. మొదటిది కట్టివేయునది; రెండవది కట్టు విప్పునది.

ఏథెన్సులో మూడు ఒబోలులు

ప్రజాధనమునుండి ఇచ్చు బత్తెమునకు ప్రాచీనోదాహరణము గ్రీసు దేశపు ఏథెన్సు నగరము. అచట ప్రతి సంవత్సరము ముప్పది ఏండ్లు నిండిన పౌరపురుషులలో ఆరువేలమందిని చీట్లద్వారా ఎన్నుకొని, వారితో న్యాయసభలను నిర్మించుచుండిరి. క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దిలో పెరిక్లీసు వారికి దినబత్తెము ఏర్పరచెను. అది మొదట రెండు ఒబోలులు. 425 ప్రాంతమున క్లియోను దానిని మూడు చేసెను. ఆ శతాబ్ది చివర కూలివాని దినకూలి ఆరు ఒబోలులకు దగ్గరగా ఉండెను. అనగా సభ్యునకు దక్కినది సగము కూలి. దానితో ధనము కూడబెట్టుట సాధ్యము కాదు. ఒక పూట గడుచును.

అయినను ఆక్షేపణలు రాకపోలేదు. అరిస్టోఫనీసు 422లో ప్రదర్శించిన కందిరీగలు అను ప్రహసనమున, మూడు ఒబోలులకై తెల్లవారకముందే న్యాయసభకు పరుగెత్తు ముసలివారిని పరిహసించెను. పెరిక్లీసు ఈ బత్తెమును పెట్టి ఏథెన్సు ప్రజలను సోమరులుగాను, ధనాశాపరులుగాను చేసెనను నింద ప్లేటో గ్రంథములో వినబడును. వారి భయమును త్రోసిపుచ్చరాదు. సేవకు ధనము ముడిపడినచోట ధనముకొరకే సేవకు వచ్చువారుందురు.

ఆ సభలే 399లో సోక్రటీసునకు మరణశిక్ష విధించినవి. బత్తెము పుచ్చుకొన్నవారే ఆ పని చేసిరి కదా యని ఎవరైన అడుగవచ్చును. కాని ఆ సభలో అతనిని విడువవలెనని ఓటు చేసినవారును ఇన్నూటికి మించి యుండిరి. వారికిని అవే మూడు ఒబోలులు. ఏ ఓటు వేసినను బత్తెము ఒక్కటే కావున సోక్రటీసును చంపినది బత్తెము కాదు. జనుల కోపమును, భయమును. బత్తెము ఒక్క పాశమును మాత్రమే విప్పగలదు. క్రోధభయముల పాశములను విప్పుకొనవలసినవాడు సభ్యుడే.

బత్తెము లేనిచో కూర్చుండువారెవరు?

ఊరక చేయు సేవయే పవిత్రమని బత్తెమును మాన్పినచో జరుగునదేమి? ధనికుడు వచ్చును, పేదవాడు రాలేడు. తరువాత అది ఆచారమై, ఆ పిమ్మట చట్టమగును. ఇంగ్లండులో 1972 చట్టము వచ్చి మార్చువరకు తగిన విలువగల ఇల్లు గల గృహస్థుడే జ్యూరీకి అర్హుడు. బాధ్యతను ఆస్తితో ముడివేయుట తూర్పు దేశములలోను ఉండెను. కాంచీపురము సమీపమున ఉత్తరమేరూరు వైకుంఠ పెరుమాళ్ ఆలయపు గోడలపై పరాంతక చోళుని కాలపు శాసనములు కలవు. గ్రామసభా సంఘములకు సభ్యులను కుండలో చీట్లు వేసి తీయించు విధానము అందు వివరింపబడినది. పేరు చీటిపై వ్రాయబడుటకు పావు వేలికి మించి పన్ను కట్టు భూమి ఉండవలెననియు, వేదభాష్యములు నేర్చినవానికి వేలిలో ఎనిమిదవ వంతు భూమి యున్నను చాలుననియు అందు కలదు. విద్యను చూచి భూమి నియమమును సడలించిన ఆ పెద్దల వివేకము మెచ్చదగినది. కాని భూమియే లేనివాని పేరు ఆ కుండలో పడుటకు మార్గము లేకపోయెను.

అమెరికాలో ఈ విషయము 1946లో సుప్రీంకోర్టు వరకు పోయెను. నడచుచున్న రైలు కిటికీనుండి దుమికి గాయపడిన థీల్ అను ప్రయాణికుడు సదరన్ పసిఫిక్ రైలు కంపెనీపై దావా వేసెను. శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ న్యాయస్థానములో జ్యూరీ పట్టికను తయారుచేయు అధికారులు దినకూలివారి పేర్లను బుద్ధిపూర్వకముగా విడిచిపెట్టుచుండిరని ఆ వ్యాజ్యమున బయటపడెను. అధికారుల తలంపు దుష్టమైనది కాదు. ఆనాటి జ్యూరీ బత్తెము దినమునకు నాలుగు డాలర్లు. దానితో కూలివారికి గడవదు. పిలిచినను వారు తమకు మినహాయింపు కోరుకొందురు. న్యాయాధిపతి దయతో పంపివేయును. కావున పిలువకుండుటయే మేలని వారి లెక్క. సుప్రీంకోర్టు దానిని అంగీకరింపలేదు. నిజముగా కష్టమున్న ఒక్కొక్కని మినహాయింపవచ్చును గాని, దినకూలివారను వర్గమునంతటిని ధర్మాసనమునకు దూరము చేయుట జ్యూరీ స్వభావమునకే విరుద్ధమని తీర్పు చెప్పెను.

ఈ వ్యాజ్యములో దాగియున్న నీతి ఇది. పేదవానిపై జాలి గూడ అతనిని సభనుండి వెలివేయు సాధనము కాగలదు. కష్టము కలుగునని పిలువకుండుట సులభము. కష్టము కలుగకుండ పిలుచుట ధర్మము.

ఎంత ఈయవలెను?

బత్తెము ఉండిన చాలదు. అది కాలముతో నడువవలెను. అమెరికా ఫెడరల్ న్యాయస్థానములలో 1990 చట్టము జ్యూరీ సభ్యునకు దినమునకు 40 డాలర్లు నిర్ణయించెను. ఆ సంవత్సరమున ఫెడరల్ కనీసవేతనము గంటకు 3.80 డాలర్లు, ఎనిమిది గంటలకు 30 డాలర్ల 40 సెంట్లు. అనగా బత్తెము కనీసపు కూలికంటె ఎక్కువ. ఆ 40 డాలర్లే ఇరువదియేడేండ్లకు పైగా నిలిచి, 2018లో 50 అయ్యెను. కాని 2009లో నిర్ణయించిన 7.25 డాలర్ల కనీసవేతనము చొప్పున ఎనిమిది గంటల కూలి 58 డాలర్లు. బత్తెము పెరిగినట్లు కనబడుచునే కనీసపు కూలికంటె క్రిందికి దిగెను.

కొన్ని రాష్ట్రములు వేరు దారులు త్రొక్కినవి. మసాచుసెట్సు రాష్ట్రమున మొదటి మూడు దినములు యజమానియే మామూలు జీతమీయవలెను. నాలుగవ దినమునుండి రాష్ట్రము దినమునకు 50 డాలర్లిచ్చును. థీల్ వ్యాజ్యము పుట్టిన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున 2022లో ఒక ప్రయోగము జరిగెను. తక్కువ ఆదాయముగల సభ్యులకు క్రిమినల్ విచారణలలో దినమునకు 100 డాలర్లిచ్చు ఏర్పాటది. ఏ నగరమున కూలివారి పేర్లు వ్రాయుట మానిరో, ఆ నగరముననే వారిని రప్పించుటకు దారి వెదకిరి.

అందరికిని సమానముగా ఇచ్చుట మేలా, పోగొట్టుకొన్నంత ఇచ్చుట మేలా, పేదలకే ఇచ్చుట మేలా అను చర్చ ఇంకను తీరలేదు. సమానముగా ఇచ్చుటలో ఒక గౌరవమున్నది. ధనికుని మాటకును, పేదవాని మాటకును ఆ గదిలో ఒకే విలువ గదా! పోయినదానిని లెక్కించి ఇచ్చుటలో ఒక సత్యమున్నది. కాని గృహిణికి పోయిన కూలి ఏమి? లెక్కల పుస్తకమున ఆమె పేర సున్న యుండును. అయినను ఆమె కోర్టులో కూర్చున్న దినమున పసిబిడ్డను, మంచమెక్కిన అత్తగారిని చూచుటకు మరియొకరిని పెట్టుకొనవలెను. ఇంగ్లండులో అట్టి సంరక్షణపు ఖర్చును కూడ ఒక పరిమితికి లోబడి చెల్లింతురు. ఇది వివేకముగల ఏర్పాటు. ఇంటిపనిని పని గాదనువారికి ఇది చక్కని సమాధానము.

వెల, కూలి, బత్తెము

ఇంతవరకు చూచినదానిని బట్టి ధనము మూడు రూపములని తేలుచున్నది. మాటను బట్టి ఇచ్చునది వెల. పనిని బట్టి ఇచ్చునది కూలి. మనుష్యుని నిలుపుటకై ఇచ్చునది బత్తెము. తీర్పునకు వెల పుచ్చుకొనుట లంచము. దానికి ప్రాయశ్చిత్తము లేదు. న్యాయాధిపతి, గుమస్తా మొదలగువారు వృత్తిగా చేయు పనికి కూలి పుచ్చుకొందురు, అది ధర్మమే. జ్యూరీ సభ్యునిది ఆ రెండును కాదు. అతడు మాట అమ్ముకొనలేదు, వృత్తి చేపట్టలేదు. కొలదిదినములు తన బ్రదుకుతెరువును విడిచి వచ్చెను. ఆ దినములలో అతడును, అతని ఇంటివారును నిలుచుటకు కావలసినది బత్తెము. తీర్పు ఏదైనను అది మారరాదు. లాభముగా తోచునంత ఉండరాదు. నష్టముగా మిగులునంత తగ్గరాదు. కక్షిదారుని చేతినుండి రారాదు. ఈ నాలుగు నియమములును నిలిచినచో ప్లేటో శంకించిన ధనాశకు అందు చోటు మిగులదు.

ప్రతిఫలము కోరని సేవయే గదా ఉత్తమము అని భక్తులు ప్రశ్నింపవచ్చును. అది సత్యమే. గీత ఫలాసక్తిని విడువుమన్నది. కాని శరీరయాత్రను తృణీకరింపుమనలేదు. కర్మ మానినచో శరీరయాత్రయే సాగదని మూడవ అధ్యాయమున భగవానుడే హెచ్చరించెను. మరియు త్యాగము చేయువాడు తనదానిని, తానై విడువవలెను. ఒకరు ఆజ్ఞాపింపగా విడుచునది త్యాగము కాదు, అది పన్ను. అందులోను అది ఉన్నవానికంటె లేనివానిపై ఎక్కువ బరువుగా పడు పన్ను. బిడ్డల పాలడబ్బును చెల్లించి చేసిన సేవను చూచి, ఎంత నిస్వార్థమైనదో యని ఇతరులు కొనియాడుటలో ధర్మము లేదు. ఉన్నవాడు తన బత్తెమును విడువగోరినచో దానికి మార్గములుండనే యున్నవి. టెక్సాస్ రాష్ట్రమున జ్యూరీ సభ్యుడు తన బత్తెమును సత్కార్యములకు దానమీయవచ్చునని చట్టమే చెప్పుచున్నది. చేతికి వచ్చినదానిని విడుచుట త్యాగము; ఎవరికిని ఈయకుండుట త్యాగమును నేర్పుట కాదు.

పూర్వులు తీర్థయాత్రల దారులలో సత్రములు కట్టించిరి. ధనికుడు సొంత బండిలో వంటవానిని వెంటబెట్టుకొని క్షేత్రమునకు పోయెడివాడు. పేదవాడు సత్రమున తిని, అరుగుపై పండుకొని, తెల్లవారి నడచెడివాడు. సత్రమున తిన్నందున పేదవాని దర్శనము తక్కువదని ఎవ్వరును అనలేదు. అన్నముకొరకే సత్రమునకు వచ్చువారు కొందరుండిరని ధర్మకర్తలు సత్రములను మూయలేదు. తిరుమలలో 1985లో ప్రారంభమైన నిత్యాన్నదానము కూడ ఈ సంప్రదాయములోనిదే. సత్రపు అన్నము భక్తికి వెల కాదు, భక్తునకు దారి. జ్యూరీ సభ్యునకిచ్చు బత్తెమును ధర్మాసనపు దారిలో కట్టిన సత్రముగా ఎంచినచో శంకలన్నియు తొలగును.

ఇంటి ముంగిట నిలిచిన ధర్మము

భారతదేశమున నేడు నేరవిచారణలలో జ్యూరీ లేకున్నను, న్యాయము కొరకు పనిమాని వచ్చు సామాన్యుడు లేకపోలేదు. అతడు సాక్షి. సివిల్ వ్యాజ్యములలో సాక్షిని పిలిపించుకొను పక్షమువారు అతని దారి ఖర్చులను, ఇతర ఖర్చులను కోర్టులో ముందుగా కట్టవలెనని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ నిర్దేశించుచున్నది. క్రిమినల్ విచారణలలో ప్రభుత్వము సాక్షులకు బత్తా చెల్లించు విధియు చట్టములో కలదు. విధి యున్నను ఆచరణము వేరు. 2000 సంవత్సరమున స్వరణ్‌సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, దూరమునుండి సొంత ఖర్చుతో వచ్చిన సాక్షి వాయిదా పడినదని విని తిరిగిపోవుటను, అతనికి రావలసిన బత్తా సకాలమున అందకపోవుటను చూచి ఆవేదన తెలిపెను. అట్లు నాలుగుసార్లు తిరిగినవాడు అయిదవసారి రాడు. వచ్చినను, విసుగుతో ఏదో ఒకటి చెప్పి పోవును. అపుడు తప్పిపోవునది అతని కూలి మాత్రమే కాదు.

చట్టము చేయవలసినది చట్టము చేయును. గృహస్థుడు చేయదగినదియు కొంత కలదు. పొలములో పనిచేయు కూలివానికో, ఇంటిలో అంట్లు తోము అమ్మాయికో, బండి నడుపువానికో సాక్ష్యమునకు సమన్లు వచ్చినచో, ఆనాటి కూలిని కోయకుండుట యజమాని ధర్మము. అతడు పోవునది సొంత పనిమీద కాదు, అందరి పనిమీద. దారి ఖర్చునకు లేదన్నచో సాయపడుట సత్రము కట్టించిన పుణ్యమే. అయితే ఆ సాయము ఏ పక్షమువారి కొరకును కారాదు. ఏమి చెప్పవలెనో ఒక్క మాటయైనను నేర్పరాదు. నేర్పినచో బత్తెము వెలయగును. సాయపడిన చేయియే పాశమగును. తన పొలపు తగవులో తానే కక్షిదారుడైనవాడు సాక్షికి ధనమును చేతికీయక, చట్టము చెప్పినట్లు కోర్టులోనే కట్టవలెను.

ప్రహ్లాదుని యెదుట నిలిచినవారు ఇద్దరును గొప్ప ఇంటివారు. వారికి తీర్పు చెప్పినవాడు దైత్యరాజు. నేటి ధర్మసభలో నిలుచువాడును, తీర్పు చెప్పువాడును, సాక్ష్యమిచ్చువాడును దినకూలివాడు కావచ్చును. ప్రహ్లాదుడు కుమారునిపై ప్రేమను జయించి సత్యము పలికెను. దినకూలివానిని అదే సత్యము పలుకుమని అడుగుటకు ముందు, అతని కుమారునకు ఆ రాత్రి అన్నమున్నదా యని విచారించుట పిలిచినవారి ధర్మము.